పిక్క మీద చెయ్యి

మన వైపు నుంచి కువైట్ పోయేవాళ్లు ఊరగాయ, కారప్పొడి, దేవుడి పటం అన్నీ సర్దుకుంటారు. తమ ఒంట్లో నెత్తురు ఏ దారిన పోయి ఏ దారిన తిరిగొస్తుందో మాత్రం ఒక్కరూ తెలుసుకోరు. అడిగితే నవ్వుతారు. డ్రైవర్ పనికి పోయేవాడికి అదెందుకు పెద్దాయనా అంటారు. కారు మూత ఎత్తి రేడియేటర్‌లో నీళ్లు ఎట్లా తిరుగుతాయో వివరంగా చెప్పగల మనిషి, తన ఒంటి సంగతి వచ్చేసరికి "వాతం" అనో "గ్యాస్" అనో ఒక మాట పడేసి పక్కకు తిరిగి పడుకుంటాడు. నాకు కోపం రాక ఏమొస్తుంది? ఈ ఒక్క సంగతి చదవండి. తర్వాత కూడా నవ్వు వస్తే నవ్వుకోండి.

కువైట్‌లో ఖైతాన్ అనే పేటలో ఒక పాత భవనానికి హారిస్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. హారిస్ అంటే కాపలా ఒక్కటే కాదు. మెట్లు కడగాలి, చెత్త తియ్యాలి, లిఫ్టు ఆగితే తిట్లు తినాలి. అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. కింద తొట్టిలోకి వచ్చిన నీళ్లను పంపు వేసి మిద్దె మీది తొట్టికి ఎక్కించాలి. పంపు పైన గొట్టంలో ఒక చిన్న తలుపు ఉంటుంది. నీళ్లు పైకి పోయేటప్పుడు తెరుచుకుంటుంది, కిందికి జారబోతే మూసుకుంటుంది. అది చెడిపోతే పంపు ఎంత మొత్తుకున్నా నీళ్లు వెనక్కే వస్తాయి.

ఇల్లు ఖాళీ చేసేవాళ్లు పరుపులు, బూట్లు, పుస్తకాలు మెట్ల కింద పారేసి పోతారు. అట్లా దొరికిందే బడిపిల్లల సైన్సు పుస్తకం. నా చదువు అయిదో తరగతి దగ్గరే ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదివాను. గుండె బొమ్మ ఉన్న పేజీ నలిగి ఊడిపోయేదాకా చదివాను. గుండె నుంచి నెత్తురు తీసుకుపోయే గొట్టాలు ఎరుపు, తిరిగి గుండెకు తెచ్చేవి నీలం. కాళ్లలోని నీలం గొట్టాల్లో కూడా ఆ చిన్న తలుపులు ఉంటాయని చదివిన రోజు పంపు దగ్గర కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అడుగున ఉన్న నెత్తురు అంత ఎత్తుకు ఎక్కాలంటే గుండె ఒక్కటే చాలదు. మనం నడిచినప్పుడల్లా పిక్క కండ బిగిసి, తనలోని గొట్టాలను పిండి, నెత్తురును పైకి తోస్తుంది. తలుపులు దాన్ని కిందికి జారనివ్వవు. పిక్క రెండో పంపు. నడవని మనిషికి ఆ పంపు ఆగిపోయినట్టే.

ఈ ముక్క గదిలో చెబితే నాకు దక్కింది డాక్టర్ సార్ అనే పేరు. గౌరవంగా కాదు.

గది మెట్ల పక్కనే. నాతో పాటు ఇంకో ఇద్దరు ఉండేవారు. ఒకాయన మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో టీ పెట్టే పని చేసేవాడు. వాళ్లది తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఇల్లు. శుక్రవారం వస్తే బెణికినవాళ్లు, పట్టేసినవాళ్లు మా గది ముందు వరస కట్టేవాళ్లు. పైసా తీసుకునేవాడు కాదు. ఆయన్ని అందరూ చిన్నాయనా అని పిలిచేవాళ్లు. ఇక్కడ నేను కట్లాయన అంటాను. రెండోవాడు ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్, మా పక్క ఊరివాడే. వాడి భార్య రిగ్గైలో ఇంకో ఇంట్లో పని చేసేది. మొగుడూ పెళ్లాలు ఒకే దేశంలో ఉండి శుక్రవారం పూట మాత్రమే కలుసుకునే సంసారం అది.

డ్రైవర్ తన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంటి మెట్ల మీద సామాన్లు మోస్తూ జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో మోకాలి దాకా సిమెంటు పట్టీ వేశారు. కాలివేళ్లు ఆడిస్తూ ఉండమనీ, కర్రల మీద లేచి తిరుగుతూ ఉండమనీ అక్కడి డాక్టరు చేత్తో చూపించి మరీ చెప్పాడట. మన గదిలో అది సాగుతుందా? మన వైపు కట్టు కట్టాక కదిలించకూడదు. కట్లాయన మాట అదే, అందరి మాట అదే. వాడు మంచం దిగబోతే నలుగురు చేతులు అడ్డం పెట్టేవాళ్లు. అన్నం మంచం మీదికే, టీ మంచం మీదికే. పై అంతస్తుల కుర్రాళ్లు కూడా వచ్చి కాలి కింద దిండ్లు సర్ది పోయేవాళ్లు. పరాయి దేశంలో ఒకరినొకరు అంత బాగా చూసుకోవడం ఎంతమందికి చేతనవుతుంది? ఆ ప్రేమతోనే మేమందరం కలిసి వాడి రెండో పంపును ఆపేశాం.

పట్టీ తీశాక కాలు తగ్గాల్సింది పోయి లావెక్కింది. పట్టీ బిగువుకు అట్లాగే ఉంటుందిలే అన్నారు. ఆ సాయంత్రం కట్లాయన ఒక దఫా నూనె పట్టి పిసికాడు. డ్రైవర్ మర్నాడు ఊరికి బయలుదేరాలి. మొగుడూ పెళ్లాలు చెరొక ఇంట్లో ఏళ్ల తరబడి చాకిరీ చేసి ఊళ్లో కట్టుకున్న ఇంటికి గృహప్రవేశం. నడపలేని డ్రైవర్ ఇక్కడ ఉండి దండగని కఫీల్ టికెట్ చేతిలో పెట్టాడు. దానికీ దయ అనే పేరు.

మర్నాడు, ప్రయాణం రోజు, శుక్రవారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కట్లాయన నువ్వుల నూనెలో వెల్లుల్లి, వాము వేసి స్టౌ మీద కాచాడు. కారిడార్‌లో కుర్రాళ్లు వాడి అట్టపెట్టెలకు టేపు చుడుతున్నారు. కట్లాయన గిన్నె దించి, రెండు చేతులూ నూనెలో ముంచి, పిక్క మీద వెయ్యబోయాడు.

"బాబాయ్‌గారూ, పైకి నీళ్లు రావట్లేదండి. బస్సొచ్చే టైమైపోతోంది, మొహం కడుక్కుందామన్నా చుక్క లేదు."

రెండో అంతస్తులో ఉండే నర్సమ్మ తలుపు దగ్గర నిలబడింది. గోదావరి జిల్లాల మనిషి. ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు ఆసుపత్రి. పెట్టెల హడావుడిలో నేను పంపు వెయ్యడం మరిచాను. లేచి పోబోతుంటే ఆమె చూపు మంచం మీద పడింది.

"ఆ కాలికేమైందండి?"

"పట్టీ తీసినారమ్మా. వాపుండాది. నూనె పడతాండా," అన్నాడు కట్లాయన.

ఆమె లోపలికొచ్చి, వంగి, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక పిక్క మామూలుగా ఉంది. రెండోది తొడుగు తొడిగినట్టు బిగిసి నిగనిగలాడుతోంది.

"ఈ ఒక్క కాలేనా వాచింది? రెండోది ఎప్పుడూ వాచలేదా? ఊపిరి బానే ఆడుతోందా అండి మీకు?"

"బాగానే ఉండాది లేమ్మా. విమానమెక్కితే అదే పోతాది," అన్నాడు డ్రైవర్.

ఆమె లేచి నిలబడింది. గొంతు మారింది. "చెయ్యి తీసెయ్యండి. ఆ కాలు పట్టకండి, అస్సలు పట్టకండి. లోపల రక్తం గడ్డ కట్టిందేమోనండి. కాకపోవచ్చు కూడా, స్కాన్ తీస్తే గానీ తెలీదు. ఈయన్ని విమానం ఎక్కించకండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపు కాదు, ఇప్పుడు."

కట్లాయన నూనె చేతులు గాల్లోనే ఆగాయి. "అమ్మా, నువ్వు సూదులేస్తావు. నేను యెముకలు సరిచేస్తా. నీ పనికి నేనెప్పుడన్నా అడ్డమొచ్చినానా?"

"మీ పనిని తప్పు పట్టట్లేదండి. కాళ్లట్టుకుని చెప్తున్నాను, ఈ ఒక్కసారికి వినండి."

బయట ఆసుపత్రి బస్సు హారన్ కొట్టింది. బస్సు తప్పితే ఆమె డ్యూటీ తప్పుతుంది. "బాబాయ్‌గారూ, మీకు తెలుసు కదండీ ఈ సంగతులు. మీరు చెప్పండి వీళ్లకి. బయల్దేరాక నాకు ఫోన్ చెయ్యండి," అని పరుగెత్తింది.

మీకు తెలుసు కదండీ అంది. నాకేం తెలుసు? గొట్టంలో చెత్త అడ్డం పడితే నేనేం చేస్తాను? కర్రతో కొడతాను, ఒత్తిడి పెంచి తోస్తాను. ఊడి పోతుంది. ఆ లెక్కన కట్లాయన చెయ్యబోతున్నదే సరైనదని నా మనసులో మొదట మెదిలింది. సగం తెలిసినవాడి బుద్ధి అట్లాగే ఉంటుంది. అప్పుడు ఆ నలిగిన పేజీ గుర్తు తెచ్చుకున్నాను. ఊడిన గడ్డ ఎక్కడికి పోతుంది? కాలి నుంచి పైకి పోయే నీలం గొట్టాలు పోనుపోను ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. తొడలో పెద్దది, పొట్టలో ఇంకా పెద్దది. గడ్డ తట్టుకుని ఆగే చోటే లేదు. నేరుగా గుండె కుడివైపుకు చేరుతుంది. గుండె దాన్ని కూడా నెత్తురే అనుకుని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. అక్కడ గొట్టాలు మళ్లీ చీలి సన్నబడతాయి. ఇరుక్కునేది అక్కడ. పెద్ద ముక్క అయితే మనిషి ఒక్క మాట కూడా చెప్పకుండా పోతాడు.

నేను కట్లాయన వైపు తిరిగాను.

"చిన్నాయనా, ముట్టొద్దు. ఆ యమ్మ చెప్పింది నిజం," అన్నాను.

"అద్దో, మా డాక్టర్ సార్ లేసినాడు. యినండప్పా," అన్నాడు డ్రైవర్. టేపు చుట్టే కుర్రాళ్లు నవ్వారు.

"నవ్వద్దురా. వంకలన్నీ కలిసి ఏరయితాయి గదా. వంకలో ఇరుక్కున్న మొద్దు వరదకు ఊడితే ఏట్లో యాడన్నా నిలబడతాదా? నిలబడదు. చెరువు దాటి కాలవ తూములో పోయి అడ్డం పడతాది. ఆ కాలవలు నీ ఊపిరి. అడ్డం పడితే ఊపిరి ఆగిపోతాది."

"నీ మొద్దూ వద్దు నీ వంకా వద్దన్నా. యెల్లుండి నా యింట్లో పాలు పొంగల్ల. ఆ యమ్మ కాకపోవచ్చు గూడా అనిందా లేదా? కాకపోవచ్చన్న దానికి నేను ముహూర్తం పోగొట్టుకోవల్లా?"

కట్లాయన ఇంకో మాట అన్నాడు. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. "పారేసిన పుస్తకంలో చదివినోడు చెప్తే, మా తాత కాలం నుండి చేస్తాండే పని మానుకోవల్లనా?"

ఇంత చెప్పినా ఆ చెయ్యి వెనక్కి పోలేదు. నా వంకలు, నా తూములు, నా నీలం గొట్టాలు, అన్నీ గాలికి పోయాయి. నేను చివరికి చేసింది మూర్ఖుడు చేసే పనే. ముందుకు పోయి ఆ కాలికి అడ్డంగా మంచం మీద కూర్చున్నాను.

"లెయ్యన్నా, నవ్వుతారు జనాలు," అన్నాడు డ్రైవర్.

"నవ్వనీ."

ఆ సమయానికే వాడి భార్య వచ్చింది. మామాను, అంటే తను పనిచేసే ఇంటి యజమానురాలిని, బతిమాలి, మొగుణ్ణి సాగనంపి వస్తానని వచ్చింది. మామా తమ ఇంటి డ్రైవర్‌నిచ్చి పంపింది. అతను బెంగాలీ, బయట కారులో ఉన్నాడు. ఆమె నన్నూ, నా వెనక కాలునూ, నూనె కారుతున్న కట్లాయన చేతులనూ చూసింది.

"యేంది మామా, మంచం మీద కూర్చున్యావు?" అని నన్నడిగింది.

నేను ఈసారి వంకల జోలికి పోలేదు. నర్సమ్మ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను, కాకపోవచ్చు అన్న మాటతో సహా. ఆమె నిలబడే వింది. మొగుడు మధ్యలో ఏదో అనబోతే "నువ్వు గమ్మునుండు" అంది. తర్వాత కట్లాయన వైపు తిరిగింది.

"చిన్నాయనా, నీ కొడుకు కాలయితే ఇప్పుడు రుద్దుతావా?"

కట్లాయన ముఖం ఎర్రబడింది. అరుస్తాడనుకున్నాం. అరవలేదు. తన చేతుల వంక చూసుకున్నాడు. "చెయ్యి నూనె వేడిలో ఉండాది," అన్నాడు నెమ్మదిగా. "నిన్న గూడా నూనె చెయ్యే. యీ చేత్తో వాని ఒంటి వేడి నాకెట్ల తెలుస్తాది?"

చేతులు తుడుచుకున్నాడు. కుళాయిలో నీళ్లు లేవు. ఫ్రిజ్ తెరిచి చల్లటి నీళ్ల సీసా తీసి గిన్నెలో పోసుకుని, చేతులు ముంచి ఉంచాడు. బయట బెంగాలీ డ్రైవర్ హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. కట్లాయన చేతులు తీసి, లుంగీకి ఒత్తుకుని, నన్ను జరగమని కళ్లతోనే చెప్పి, రెండు చేతుల వెనక వైపునూ రెండు పిక్కలకు ఆనించాడు. పిసకలేదు, ఆనించాడంతే. కళ్లు మూసుకున్నాడు.

"యీ కాలు కాగుతాండాది," అన్నాడు.

"నూనెకు చిన్నాయనా," అన్నాడు డ్రైవర్.

"నూనె ఇంగా పడల్యా కదరా." ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "కాగే కాలును ముట్టొద్దని మా నాయన చెప్పినాడు. యెందుకో చెప్పల్యా. నేను అడగల్యా."

గదిలో నవ్వు అక్కడితో ఆగింది. డ్రైవర్ మాత్రం దింపుడు కళ్లం ఆశతో ఇంకా ఒక మాట పట్టుకుని వేలాడుతున్నాడు. "కఫీల్ మల్లా టికెట్ ఇయ్యడు మే. ఖలాస్, ఈ దఫా పోతే మల్లా యెప్పుడో."

"ఇయ్యకపోతే పాయ. నువ్వు లేకపోతే పాలు నేను ఒక్కదాన్నే పొంగించుకోవల్లా? లెయ్. కాదు, లెయ్యొద్దు. వీళ్లే మోస్తారు."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం కారు దాకా మోశాం. ఆసుపత్రి పేరు వినగానే, మామాకు కోపమొస్తుందని బెంగాలీ డ్రైవర్ జంకాడు. "మామా గుస్సా కరేగీ."

"కరేగీ తో కరేగీ. యల్లా, చలో," అంది ఆమె కారులో కూర్చుంటూ.

వెనక సీట్లో నా భుజానికి ఆనుకుని మా డ్రైవర్, వాడి పక్కన ఆమె. ముందు కట్లాయన. రోడ్డంతా శుక్రవారం రద్దీ. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మావాడు దగ్గాడు. పొడి దగ్గు. ఇంకోసారి దగ్గాడు.

"అన్నా, ఊపిరి పీలిస్తే పక్కలో పొడుస్తాండాది."

మణికట్టు పట్టి చూశాను. నాడి పరుగెత్తుతోంది. కూర్చున్న మనిషి నాడి కాదది. పక్క నుంచి చూస్తే ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గడ్డలో కొంత ఊడింది. నా పుస్తకంలో నేను వేలితో గీసుకుంటూ పోయిన దారి, గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తుల్లోకి, అంతా వాడి లోపల ఇప్పుడు నిజంగా జరుగుతోంది. నేను చెయ్యగలిగింది ఒక్కటీ లేదు. తెలుసుకోవడం మంచిదని మీకు ఇంతసేపు చెప్పాను. ఆ పూట మాత్రం, తెలియనివాడు అదృష్టవంతుడనిపించింది.

"యేమయితాండాది మామా?" అంది ఆమె.

"గ్యాస్ హోగా. సోడా పిలావ్," అన్నాడు బెంగాలీ, అద్దంలో చూస్తూ.

గ్యాస్! ఆ ఒక్క మాట ఎంతమందిని మింగిందో. మా బ్లాకులోనే ఇద్దరు, రొమ్ములో బరువు అంటే సోడా తాగి పడుకుని మళ్లీ లేవలేదు. "గ్యాస్ నహీ హై. గాడీ చలావ్," అని అరిచాను. నా అరుపుకు అతను ఒకవైపు చక్రాలు కాలిబాట ఎక్కించి మరీ పోనిచ్చాడు. కట్లాయన ముందు సీట్లో తలవంచుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో ఊపిరి అందట్లేదు అన్న మాట వినగానే స్ట్రెచర్ మీద లోపలికి తోసుకుపోయారు. ఎవరూ కాగితాలు అడుగుతూ నిలబెట్టలేదు. ఆ మేలు మాత్రం చెప్పుకోవాలి. మేము ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. ఆమె ఫోన్ మోగుతూనే ఉంది. రిగ్గై మామా. ఆమె తీయలేదు. వాణ్ణి తీసుకుపోయిన తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాం. వేరేవాళ్ల కోసం తెరుచుకునేది, మళ్లీ కూర్చునేవాళ్లం. నేను ఏదో ధైర్యం చెప్పబోతే, "మామా, ఇప్పుడు నాకేం చెప్పొద్దు. నీ ముఖం చూస్తే తెలుస్తాండాది," అంది.

చాలాసేపటికి ఒక డాక్టరు బయటికొచ్చాడు. హిందీలో నెమ్మదిగా చెప్పాడు. కాలి లోపలి గొట్టంలో పెద్ద గడ్డ ఉంది. దాని నుంచి ఒక చిన్న ముక్క ఊపిరితిత్తిలో ఇరుక్కుంది. గడ్డ ఇక పెరగకుండా ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మనిషి మాట్లాడుతున్నాడు.

మాట్లాడుతున్నాడు అన్న మాటకు ఆమె గోడకు ఆనుకుని కూలబడింది.

డాక్టరు ఇంకొక ప్రశ్న అడిగాడు. "ఆ కాలికి ఎవరైనా మాలిష్ చేశారా?"

నేను నేల చూశాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కట్లాయన లేచి, బడిలో పిల్లాడిలా నిలబడ్డాడు. "మైనే కియా. కల్."

డాక్టరు ఆయన చేతుల వంక కాసేపు చూశాడు. కసిరాడా అంటే లేదు. "ఆ ముక్క దాని వల్లే ఊడిందా, తనంతట తానే ఊడిందా, నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. మిగిలిన గడ్డ చాలా పెద్దది. ఇవాళ మళ్లీ పిసికి ఉంటే, లేదా విమానంలో కదలకుండా కూర్చుని ఉంటే, నేను ఇక్కడ మీతో ఇట్లా మాట్లాడేవాణ్ణి కాదేమో," అని వెళ్లిపోయాడు.

ఎవరూ చెప్పలేరు అన్న మాటను నేను గది చేరేదాకా కట్లాయనకు మళ్లీ మళ్లీ గుర్తు చేశాను. ఆయన ఆ మాట తీసుకోలేదు. తీసుకోగలిగినవాడైతే అక్కడ లేచి నిలబడేవాడే కాదు.

అబ్బాయిల్లారా, మీకు చెప్పేది ఎక్కువేమీ లేదు. ఒక్క కాలే వాచి, బిగిసి, కాగుతుంటే అది నూనెతో పోయేది కాదు. ఆసుపత్రికి పొండి. కట్టు కట్టాక డాక్టరు వేళ్లు ఆడించమంటే ఆడించండి. మిమ్మల్ని ప్రేమతో పడుకోబెట్టేవాళ్ల మాట వినకండి. సోడా సంగతి ఇందాకే చెప్పాను. ఇవన్నీ చెప్పే ఓపిక మన ఏజెంట్లకు లేదు, కఫీల్‌లకు అవసరం లేదు. అందుకే పారేసిన పుస్తకం చదివిన ముసలివాడు చెప్పాల్సి వస్తోంది.

కొన్నాళ్లకు నేనూ కట్లాయనా వార్డుకు పోయేసరికి, డ్రైవర్ మంచం దిగి ఉన్నాడు. రోజూ నడవాలని డాక్టర్ల ఆజ్ఞ. నెత్తురు గడ్డ కట్టకుండా మాత్రలు, వాటితో పాటు నడక. గృహప్రవేశం ముహూర్తం దాటిపోయింది. ఊళ్లో ఇంటికి తాళం వేశారు. వాడు దాని ఊసెత్తలేదు. వార్డు బయటి పొడవాటి వరండాలో ఒక్కో అడుగే వేస్తున్నాడు. కట్లాయన వాడి పక్కనే, రెండు చేతులూ వీపు వెనక గట్టిగా కట్టుకుని, వాడి అడుగుకు తన అడుగు కలుపుతూ నడిచాడు. మలుపు దగ్గర వాడు తూలాడు. కట్లాయన భుజం కదిలింది, చేతులు మాత్రం ముందుకు రాలేదు. వాడు తనే గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"చిన్నాయనా, చెయ్యన్నా ఇయ్యి," అన్నాడు నవ్వుతూ.

"చేతులు ఖలాస్ రా," అన్నాడు ఆయన. "నీ కాళ్లతో నువ్వే రా."